ఈ ముక్క ఎవరిది?

శరీరంలోంచి తీసిన చిన్న ముక్క పరీక్ష కోసం ల్యాబ్‌కి ఒంటరిగా వెళుతుంది. తానెవరిదో అది చెప్పలేదు. సీసా మీద అంటించిన చీటీయే దాని నోరు. ఆ చీటీ తారుమారైతే రోగం ఒకరిది, వైద్యం మరొకరిది! అలా జరగకుండా చూడటానికి, టోల్‌గేటు దగ్గర మనకు రోజూ కనిపించే పరిజ్ఞానమే ఇప్పుడు ఆసుపత్రి ల్యాబుల్లోకీ వస్తోంది.

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో, పుత్తూరుకు ముందు వస్తుంది వడమాలపేట. ఆ మండలంలోని ఎస్వీపురం టోల్‌ప్లాజా దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. మామిడికాయల లారీ వస్తుంది. వెనకే తిరుమల నుంచి తిరిగెళుతున్న యాత్రికుల కారు. అద్దం మీద అంటించిన ఫాస్టాగ్‌ని పైనున్న యంత్రం చదువుతుంది. గేటు లేస్తుంది, బండి కదులుతుంది. అంతే! మరుక్షణం ఎక్కడో చెన్నైలో ఉన్న లారీ యజమాని ఫోనుకి మెసేజ్ వచ్చేస్తుంది. బండి ఏ టోల్‌గేటు దాటిందో, ఎన్ని గంటలకు దాటిందో, ఎంత డబ్బు కట్ అయిందో... అన్నీ అందులో ఉంటాయి. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఇది తప్పనిసరి అయ్యాక మనకు అలవాటైపోయింది.

అదే దారిలో తిరుపతి వైపు వెళ్లే బస్సులో ఒకాయన కూర్చున్నాడనుకుందాం. ఒళ్లో గుడ్డసంచీ. అందులో మూత బిగించిన ప్లాస్టిక్ సీసా. సీసాలో నీళ్లలాంటి ద్రవం, అందులో వేరుసెనగ గింజంత ముక్క. ఆయన భార్య రొమ్ములోని గడ్డ నుంచి డాక్టరు తీసిన ముక్క అది. ‘దీన్ని తిరుపతి ల్యాబ్‌లో ఇచ్చి రండి, అది క్యాన్సరో కాదో వాళ్లు చెబుతారు’ అన్నారు డాక్టరు. సీసా మీద బాల్‌పెన్నుతో రాసిన పేరు తప్ప ఇంకేమీ లేదు. మూత కాస్త వదులై మందు కారిందా, ఆ పేరు కూడా చెదిరిపోతుంది.

మామిడికాయల లారీ ఎక్కడుందో క్షణాల్లో చెప్పేయొచ్చు. ఓ కుటుంబం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూస్తున్న ఆ ముక్క ఎక్కడుందో, ఎవరి చేతిలో ఉందో చెప్పేదెవరు?

అలిపిరిలో మూట... ల్యాబ్‌లో ముక్క

అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లేవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. భక్తుడు మెట్లదారిన వెళతాడు, మూట బండిలో వెళుతుంది. కింద మూట అప్పగించినప్పుడు ఒక నంబరు ఇస్తారు. కొండమీద ఆ నంబరు చూపించి మూట తీసుకోవాలి. చీటీ పోయినా పెద్ద బాధ లేదు. ‘అదిగో, ఆ ఎర్రంచు సంచీ నాదే’ అని గుర్తుపట్టొచ్చు.

ల్యాబ్‌కి వెళ్లిన ముక్కకు ఆ అవకాశం లేదు. ముక్కను చూసి ఇది ఫలానావారిదని కన్నతల్లి కూడా చెప్పలేదు. పది సీసాల్లో పది ముక్కలుంటే పదీ ఒకేలా కనిపిస్తాయి. రక్తమూ అంతే. రాజుదైనా పేదదైనా అదే ఎరుపు!

ఈ ప్రాంతానికే పేరు తెచ్చిన పుత్తూరు కట్టునే చూడండి. చెయ్యి విరిగినవాడు స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. కట్టు కట్టేవాళ్లు ఆ చేతినే పట్టుకుని, తడిమి చూసి, ఆ చేతికే కట్టు కడతారు. ఒకరి కట్టు మరొకరికి పడే ప్రసక్తే లేదు. ఆధునిక వైద్యంలో మనిషి ఒకచోట, అతడి నమూనా మరోచోట, నిర్ణయం తీసుకునే డాక్టరు ఇంకోచోట. ఆ ముగ్గురినీ కలిపే దారం ఒక్కటే... నమూనా మీది గుర్తు. అది తెగితే ఏం జరుగుతుందో 2002లో అమెరికా చూసింది.

మిన్నెసోటా రాష్ట్రంలో ఒక మహిళకు రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఆమెకు రెండు రొమ్ములూ తొలగించారు. ఆపరేషన్ అయ్యాక తొలగించిన భాగాలను పరీక్షిస్తే క్యాన్సర్ జాడే లేదు. ఏమైందని వెతికితే అసలు సంగతి బయటపడింది. ల్యాబ్‌లో ఆమె నమూనా కాగితాలు, మరో మహిళ నమూనా కాగితాలు తారుమారయ్యాయి. 2003 జనవరిలో ఆమె మీడియా ముందుకొచ్చి చెప్పినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. ఇలాంటి తప్పు ఒక్కరితో ఆగదు. అటువైపు మరో మనిషి ఉంటారు. వ్యాధి లేనివాళ్లకు కోత మిగిలితే, వ్యాధి ఉన్నవాళ్లకు ‘మీకేం లేదు’ అన్న తప్పుడు ధైర్యం మిగులుతుంది. రెండోదే ఇంకా ప్రమాదం.

ఎన్ని చేతులు మారుతుందో!

‘పేరు సరిగ్గా రాస్తే సరిపోతుంది కదా, ఇందులో అంత కష్టమేముంది?’ అనిపిస్తుంది. ముక్క చేసే ప్రయాణం తెలిస్తే ఆ మాట అనలేం.

తీసిన వెంటనే ముక్కను ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు. అది కుళ్లకుండా, కణాలు చెదరకుండా కాపాడుతుంది. ల్యాబ్‌కి చేరగానే రిజిస్టరులో ఎక్కించి ఒక నంబరు వేస్తారు. తర్వాత పెథాలజిస్టు ముక్కను పరిశీలించి, కొలిచి, అవసరమైన భాగాలను కోసి, కాసెట్ అనే చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో పెడతారు. ముక్క సీసాలోంచి బయటికి రావడం ఇక్కడే మొదలు. అంటే పేరు రాసిన సీసా అక్కడే ఉండిపోతుంది, ముక్క ముందుకెళ్లిపోతుంది. ఇకమీద కాసెట్ మీద వేసిన నంబరే దానికి దిక్కు.

కాసెట్లన్నీ సాధారణంగా రాత్రంతా ఒక యంత్రంలో ఉంటాయి. ఆల్కహాలు, జైలీన్ లాంటి ద్రవాల్లో మునిగి తేలాక ముక్కలోని నీరంతా పోతుంది. ఆ స్థానంలోకి కరిగించిన మైనం చేరుతుంది. పొద్దున్నే వాటిని మైనపు దిమ్మలుగా పోతపోస్తారు. ఆ దిమ్మను మైక్రోటోమ్ అనే కత్తియంత్రంతో మూడు నుంచి అయిదు మైక్రాన్ల మందంలో పొరలుగా కోస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొర ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పల్చన. దాన్ని గోరువెచ్చని నీళ్లమీద తేల్చి గాజు స్లైడు మీదికి ఎత్తుతారు. రంగులు అద్దుతారు. కణ కేంద్రకాలు ఊదారంగులో, మిగతా భాగం గులాబీరంగులో కనిపిస్తాయి. అప్పుడు అది మైక్రోస్కోపు కిందికి వెళుతుంది. పెథాలజిస్టు చూసి చెప్పింది టైపు చేసి రిపోర్టు ఇస్తారు.

సీసా, రిజిస్టరు, కాసెట్, దిమ్మ, స్లైడు, రిపోర్టు. ఒకే నంబరును ఆరుచోట్ల తప్పు లేకుండా వేయాలి. ఒక్కో మజిలీలో ఒక్కో మనిషి. పెద్ద ఆపరేషనైతే ఒక్క రోగి నుంచే ఇరవై ముప్ఫై దిమ్మలు తయారవుతాయి. ఒక్కో దిమ్మ నుంచి రెండు మూడు స్లైడులు. అలాంటి కేసులు రోజుకు పదులకొద్దీ. చేత్తో రాసేటప్పుడు 1437 కాస్తా 1473 అవడానికి ఎంతసేపు? మూడు కాస్త వంకరపోతే ఎనిమిదిలా కనిపించడానికి ఎంతసేపు?

పైగా మన పేర్లొకటి! మునెమ్మ, మునిరత్నం, చెంగల్రాయుడు, శ్రీనివాసులు... తిరుపతి చుట్టుపక్కల ఏ వార్డులో చూసినా ఇద్దరేసి ముగ్గురేసి ఉంటారు. ఇంటిపేరు ఒకచోట ముందు రాస్తే ఇంకోచోట వెనక రాస్తారు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్‌కార్డులో ఇంకొకటి. సరిహద్దు దాటి తమిళనాడు ఆసుపత్రికి వెళితే ఇంటిపేరు పోయి తండ్రి పేరు తాలూకు పొడి అక్షరం మిగులుతుంది. నర్సు వచ్చి ‘మునెమ్మేనామ్మా?’ అని అడిగితే, చెవులు సరిగా వినపడని పెద్దావిడ ‘ఆఁ’ అంటుంది. రక్తం తీసేస్తారు. అక్కడే పొరపాటుకు బీజం పడుతుంది.

తప్పు యంత్రంలో లేదు!

రిపోర్టు తేడాగా వస్తే మనం సాధారణంగా ‘ఆ ల్యాబ్‌లో మిషన్ సరిగ్గా లేదేమో’ అనుకుంటాం. నిజం వేరు. ఇటలీలోని పాడువాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో మూడు నెలలపాటు ప్రతి తప్పునూ పట్టి లెక్కరాశారు. 1997లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 40,490 పరీక్షలకు 189 తప్పులు తేలాయి. వాటిలో 68 శాతం నమూనా యంత్రంలోకి వెళ్లకముందు జరిగినవే. యంత్రం దగ్గర జరిగినవి 13 శాతమే. మిగతావి ఫలితం వచ్చాక రాతలోనూ, చేరవేతలోనూ జరిగాయి. పదేళ్ల తర్వాత అక్కడే మళ్లీ లెక్కతీశారు. తప్పుల సంఖ్య తగ్గింది కానీ, వాటిలో దాదాపు 62 శాతం మళ్లీ పరీక్షకు ముందువే!

ముక్క పరీక్షల మీద అమెరికా పెథాలజిస్టుల కళాశాల 136 సంస్థల్లో చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. చీటీ తారుమారు కావడం వెయ్యి కేసులకు సుమారు ఒకటి చొప్పున తేలింది. మైనపు దిమ్మల దగ్గరైతే వెయ్యికి 1.7. చాలావరకూ రిపోర్టు బయటికి వెళ్లకముందే దొరికిపోయాయి. వెయ్యికి ఒకటే కదా అనుకోవచ్చు. ఆ ఒక్కరూ మన అమ్మో నాన్నో అయితే అది నూటికి నూరు!

చూయింగ్‌గమ్‌తో మొదలై...

దీనికి విరుగుడుగా వచ్చిందే నమూనాలను యంత్రాలతో ఆనవాలు పట్టే పద్ధతి. దాని మూలం కిరాణా కొట్టులో ఉంది. బార్‌కోడ్‌కి ఇద్దరు అమెరికన్లు, జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్, 1952లో పేటెంటు పొందారు. 1974 జూన్ 26న ఓహియో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లోని ఓ సూపర్‌మార్కెట్‌లో చూయింగ్‌గమ్ ప్యాకెట్టు మీది గీతలను యంత్రం మొదటిసారిగా చదివింది. అక్కడి నుంచి సబ్బులకూ, పుస్తకాలకూ పాకి ఆసుపత్రుల్లోకీ వచ్చింది.

ల్యాబ్‌లో అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. రోగి ఆసుపత్రిలో చేరగానే చేతికి కోడ్ ఉన్న పట్టీ కడతారు. రక్తమో ముక్కో తీసేముందు నర్సు ఆ పట్టీని స్కాన్ చేస్తే, పక్కనున్న చిన్న ప్రింటరులోంచి ఆ రోగి పేరుమీదే లేబుల్ వస్తుంది. దాన్ని అక్కడే, రోగి ముందే సీసాకి అంటిస్తారు. ల్యాబ్‌కి చేరాక ప్రతి మజిలీలోనూ ఒక స్కానరు. సీసాను స్కాన్ చేస్తేనే కాసెట్ మీద నంబరు అచ్చవుతుంది. దిమ్మను స్కాన్ చేస్తేనే స్లైడుకు లేబుల్ వస్తుంది. ఎవరు, ఏ బల్ల దగ్గర, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు దాన్ని ముట్టుకున్నారో కంప్యూటరులో నమోదవుతుంది.

ఇందులో కీలకం ‘అప్పటికప్పుడు అచ్చు’. పాత పద్ధతిలో పొద్దున్నే వంద స్లైడుల మీద నంబర్లు రాసి వరసగా పేర్చుకునేవారు. కోసిన పొరను పొరపాటున పక్క స్లైడు మీదికి ఎత్తితే ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు బల్లమీద ఒకే దిమ్మ, దాని స్లైడులే ఉంటాయి. దిమ్మ ఒకటీ స్లైడు మరొకటీ అయితే తెర మీద ఎర్రగా హెచ్చరిక వస్తుంది. లేబుళ్లు కూడా మామూలు కాగితం కాదు. జైలీన్‌లో, ఆల్కహాల్లో మునిగినా అక్షరం చెరగని రకం.

ఫలితం ఎలా ఉంది? డెట్రాయిట్‌లోని హెన్రీఫోర్డ్ ఆసుపత్రి ముక్క పరీక్షల విభాగంలో పనిపద్ధతిని బార్‌కోడ్‌కి అనుగుణంగా మార్చారు. 2009లో వాళ్లు ప్రచురించిన లెక్కల ప్రకారం గుర్తింపు పొరపాట్లు మొత్తమ్మీద 62 శాతం, స్లైడుల దగ్గరివి దాదాపు 95 శాతం తగ్గాయి. ‘ప్రతిదీ స్కాన్ చేస్తూ కూర్చుంటే పని ఆలస్యం కాదా?’ అన్న అనుమానానికీ అక్కడే జవాబు దొరికింది. మైక్రోటోమ్ దగ్గర పని రెట్టింపుకు మించి వేగం అందుకుంది. నంబర్లు రాయడానికీ, రాసినవి సరిచూసుకోవడానికీ పట్టే సమయం మిగిలింది మరి!

ఇంకో అడుగు ముందుకేస్తే టోల్‌గేటు దగ్గరికే వస్తాం. ఫాస్టాగ్‌లో ఉన్నది రేడియో తరంగాలతో చదివే చిన్న చిప్. దానికి బ్యాటరీ ఉండదు. చదివే యంత్రం పంపే తరంగాలతోనే మేలుకుని తన నంబరు చెబుతుంది. అదే రకం చిప్‌ను సీసా అడుగున అంటిస్తే? మేయో క్లినిక్ ఆ పని చేసింది. ఎండోస్కోపీలో పేగుల నుంచి తీసిన ముక్కల సీసాలకు ఇలాంటి చిప్‌లు వాడారు. 2007 మొదటి మూడు నెలల్లో 8,231 సీసాలకు 765 లేబుల్ పొరపాట్లు ఉండగా, 2008లో అవే నెలల్లో 8,539 సీసాలకు 47కి తగ్గాయి. వాటిలో ఎక్కువ భాగం రోగికి హాని చేయని రాతపొరపాట్లే అయినా, తగ్గుదల మాత్రం చిన్నది కాదు.

గడియారం కూడా సాక్షే

ఈ పద్ధతి వల్ల మరో మేలుంది. నమూనా ‘ఎవరిది’ అన్నదే కాదు, ‘ఎప్పటిది’ అన్నదీ తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి హార్మోను మందులు పనిచేస్తాయో లేదో చెప్పే పరీక్షలున్నాయి. అవి సరిగ్గా రావాలంటే ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. శుక్రవారం తీసిన ముక్క సోమవారం మధ్యాహ్నం దాకా అలమరలో ఉండిపోతే ఆ సంగతి చెప్పేదెవరు? కాగితం చెప్పదు, ప్రతి మజిలీలో పడ్డ సమయం చెబుతుంది.

రక్తానికీ అంతే. మామూలు గొట్టంలో తీసిన రక్తాన్ని అలాగే ఉంచేస్తే కణాలు అందులోని చక్కెరను తినేస్తూ ఉంటాయి. గంటకు అయిదు నుంచి ఏడు శాతం దాకా తగ్గిపోతుంది. అందుకే షుగరు పరీక్షకు బూడిదరంగు మూత ఉన్న గొట్టం వాడతారు. ఆ తగ్గుదలను అదుపుచేసే మందు అందులో ఉంటుంది. మండువేసవిలో పల్లెనుంచి పట్నం వెళ్లే నమూనాకు ఎంతసేపు పట్టిందో నమోదైతే, ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో డాక్టరుకు తెలుస్తుంది.

మనకూ కొత్త కాదు

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోనక్కర్లేదు. కరోనా రోజులు గుర్తున్నాయా? ముక్కులోంచి స్వాబ్ తీసిన వెంటనే ఫోనుకు ఒక ఎస్ఆర్ఎఫ్ నంబరు వచ్చేది. భారత వైద్య పరిశోధన మండలి లెక్కల్లో ఆ నమూనాకు అదే గుర్తింపు. 2020 తొలినాళ్లలో మన రాష్ట్రంలో కరోనా పరీక్షలు మొదలుపెట్టిన ల్యాబుల్లో తిరుపతి స్విమ్స్‌లోనిది ఒకటి. దేశమంతటా కోట్లాది స్వాబ్‌లు చేతులు మారుతుంటే, పల్లెలో తీసిన నమూనాకూ పట్నంలో వచ్చిన ఫలితానికీ మధ్య వంతెన ఆ నంబరే. తెలియకుండానే ఇంటింటికీ ఈ పద్ధతి పరిచయమైంది.

తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో డయాగ్నస్టిక్స్ కేంద్రాన్ని ప్రారంభించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో తీసిన నమూనాలకు బార్‌కోడ్ అంటించి, బండ్లలో అక్కడికి చేర్చి, ఫలితాన్ని ఫోనుకు పంపే ఏర్పాటు అది. 2021లో జిల్లాలకూ విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 జనవరిలో మొదలైన ఎన్టీఆర్ వైద్య పరీక్ష పథకమూ పల్లె ఆసుపత్రిలో నమూనా తీసి వేరేచోట పరీక్షించే పద్ధతిలోనే నడిచింది. నమూనా ఎంత దూరం వెళితే దాని ఆనవాలు అంత గట్టిగా ఉండాలి.

వేలూరు సీఎంసీకి వెళ్లొచ్చిన ఇళ్లు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో లెక్కలేనన్ని. అక్కడికి వెళ్లినవాళ్లు పదేళ్ల తర్వాత కూడా బీరువాలోంచి ‘హాస్పిటల్ నంబరు’ కార్డు తీసి చూపిస్తారు. పేరు పలకడం రాకపోయినా, ఊరు మారినా ఆ నంబరు మారదు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తున్న 14 అంకెల ‘ఆభా’ నంబరు ఉద్దేశమూ ఇదే. ముగ్గురు మునెమ్మలున్నా నంబర్లు మూడుంటాయి కదా!

ముక్క పరీక్షల అవసరం మనదగ్గర పెరుగుతోంది కూడా. 2022లో టాటా ట్రస్టుల తోడ్పాటుతో తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. గడ్డ కనిపిస్తే మద్రాసో వేలూరో పరుగెత్తే రోజులు పోయి, ఊరికి దగ్గర్లోనే బయాప్సీ చేయించుకునే వీలు వచ్చింది. నమూనాలు పెరిగేకొద్దీ వాటి జాడ తప్పకుండా చూసే బాధ్యతా పెరుగుతుంది.

యంత్రం మీదే భారం వేస్తే...

స్కానరు కొన్నంత మాత్రాన తప్పులు మాయమైపోవు. బార్‌కోడ్ తన మీదున్నది చదువుతుంది కానీ, అది అంటించిన సీసాలో ఎవరి ముక్క ఉందో చూడలేదు. తొందరలో నాలుగు లేబుళ్లు ముందే అచ్చేసి జేబులో పెట్టుకుని, వార్డంతా తిరిగి అంటించుకుంటూ పోతే కోడ్ ఉన్నా తప్పు తప్పే. చేతిరాతైతే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముచ్చటగా అచ్చయిన లేబుల్‌ను ఎవరూ అనుమానించరు. అంచేత తప్పు మరింత దర్జాగా చివరిదాకా వెళ్లిపోతుంది.

నీళ్లమీద పొరలు తేల్చేటప్పుడు ఒక రోగి కణాలు నీళ్లలో మిగిలి మరొకరి స్లైడుకు అంటుకునే ప్రమాదమూ ఉంది. దాన్ని ఏ స్కానరూ పట్టలేదు. ఒక్కో దిమ్మకూ మధ్య ఆ నీళ్లను శుభ్రం చేసే టెక్నీషియన్ ఓపిక, స్లైడు చూసి ‘ఇదేదో తేడాగా ఉందే’ అనుకునే పెథాలజిస్టు కన్ను... వాటికి సాటి లేదు. మరీ సందేహమైతే డీఎన్ఏ పరీక్షతో ఆ కణాలు ఎవరివో తేల్చవచ్చు.

ఖర్చు సంగతీ ఉంది. లేబుల్ ప్రింటర్లు, స్కానర్లు, సాఫ్ట్‌వేరు, కరెంటు పోయినా ఆగని ఏర్పాటు... ఇవన్నీ చిన్న ఊళ్లోని ల్యాబ్‌కు భారమే. అయితే ఈ పద్ధతిలోని అసలు సూత్రానికి డబ్బు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన రోగి భద్రతా సూత్రాల్లో ఒకటి, మనిషిని కనీసం రెండు ఆనవాళ్లతో గుర్తించాలన్నది. పేరుతోపాటు పుట్టినతేదీయో, ఆసుపత్రి నంబరో ఉండాలి. చీటీని మూత మీద కాకుండా సీసా ఒంటికే అంటించాలి. మూతలు మారిపోతాయి, సీసాలు మారవు. ఒకరి నమూనా పని పూర్తయ్యాకే మరొకరిది బల్లమీదికి రావాలి. ఎవరు ఎవరికి ఎన్ని గంటలకు అప్పగించారో సంతకంతో రిజిస్టరులో ఉండాలి. ఇవన్నీ పెన్నుతో, పుస్తకంతో చేయగలిగినవే. యంత్రం వచ్చినా చేసేది వీటినే, మరింత వేగంగా, మరచిపోకుండా.

మన చేతిలో ఉన్నది

మొదటి కాపలాదారు రోగి, పక్కనున్న ఇంటివాళ్లే. అందుకు కాస్త శ్రద్ధ చాలు.

* నమూనా తీసేముందు మీ పేరు మీరే పూర్తిగా చెప్పండి. ‘ఫలానా కదా?’ అని అడిగితే ఊరికే తలూపకుండా పేరు, వయసు, ఊరు చెప్పండి. పెద్దవాళ్ల తరఫున పక్కనున్నవాళ్లు చెప్పాలి.
* సీసాకో గొట్టానికో చీటీ మీ ఎదుటే అంటించమని అడగండి. అంటించాక ఒకసారి చదవండి. తప్పుంటే అప్పుడే చెప్పండి.
* బయాప్సీ ముక్కను మీ చేతికిచ్చి పంపితే, సీసా మీద పేరు, వయసు, నంబరు, ముక్క ఏ భాగం నుంచి తీశారు, కుడా ఎడమా, తీసిన తేదీ, సమయం ఉన్నాయో లేదో చూడండి. డాక్టరు రాసిన కాగితం మీద కూడా అవే ఉండాలి. మూత తెరవకండి. ఫార్మలిన్ కళ్లకూ ముక్కుకూ మంచిది కాదు.
* ల్యాబ్‌లో ఇచ్చాక రసీదు తీసుకోండి. అందులో వాళ్లు వేసిన నంబరు ఉంటుంది.
* రిపోర్టు రాగానే ఫలితం కంటే ముందు పేరు, వయసు, నంబరు, ఏ భాగం అన్నవి చూడండి.
* ఫలితానికీ మీ పరిస్థితికీ పొంతన లేదనిపిస్తే డాక్టరును అడగండి. మైనపు దిమ్మలూ స్లైడులూ ల్యాబ్‌లో భద్రపరుస్తారు. వాటిని తెప్పించి మరో పెథాలజిస్టు చేత చూపించుకోవచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ముందు ఇలా రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పేం కాదు.
* రిపోర్టు మీద ఎన్ఏబీఎల్ గుర్తు ఉంటే, ఆ ల్యాబ్ గుర్తింపు పొందిన పరీక్షల్లో ప్రతి నమూనా ఆనవాలు పట్టే పద్ధతి పాటించాలన్న అంతర్జాతీయ ప్రమాణానికి కట్టుబడినట్టు.

అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. మంచి ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఆ ప్రశ్నను విసుగ్గా తీసుకోరు. వాళ్ల పనినే మీరు పంచుకుంటున్నారు.

ఇప్పుడు మళ్లీ ఆ బస్సులోకి వెళదాం. గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆయన తిరుపతిలో దిగి ల్యాబ్‌లో సీసా ఇస్తాడు. అవతలి మనిషి దాన్ని తిప్పి చూసి, పేరు అడిగి, వయసు అడిగి, కాగితంతో సరిచూసి, అప్పుడు లేబుల్ అంటించి స్కాన్ చేస్తాడు. ‘కుయ్’మని చిన్న చప్పుడు. అది వినపడ్డాక కానీ ఆయన కౌంటరు దగ్గర్నుంచి కదలకూడదు. ఆ ముక్క ఇకమీద ఒంటరిది కాదని చెప్పే చప్పుడది.